మా గుట్టకు మొక్కలొద్దు, కావలి కావాలి

తొలకరి పడిందంటే చాలు, మా గుట్ట కిందికి కార్లు బారులు తీరతాయి. ముందురోజే కూలోళ్లు గుంతలు తవ్విపెట్టి ఉంటారు. షామియానా, కుర్చీలు, మైకు, నాలుగు ఉపన్యాసాలు. పట్నం నుంచి వచ్చినవాళ్లు తలా ఒక మొక్క చేతబట్టి వంగి, ఫోటో దిగి, మొక్కకున్న ప్లాస్టిక్ సంచి అక్కడే పారేసి లేస్తారు. మధ్యాహ్నానికి కార్లు పోతాయి. ఆ మొక్కలు దసరా దాకా కూడా నిలవవు. ఎండకు మాడినవి మాడగా మిగిలినవి మేకలు మేస్తాయి. మళ్లీ ఏడాది అదే గుట్ట, అవే గుంతలు, కొత్త బ్యానరు. ఇన్ని వేల మొక్కలు నాటామని పేపర్లో లెక్క వస్తుంది. ఎన్ని బతికాయని అడిగితే చెప్పే నాథుడు లేడు.

చూసి చూసి నాకు ఒళ్లు మండిపోతోంది. అడవి మీద, పిట్టల మీద ప్రేమ ఉన్నవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. వాళ్ల దగ్గర డబ్బుంది, ఇచ్చే మనసుంది, ఒక ఆదివారం మానుకుని రావడానికీ వెనకాడరు. అదంతా ఒక్కపూట పండగ కింద ఖర్చయిపోతోంది. గుట్ట మీదికి అడవి తిరిగి రావాలంటే పదేళ్లు, ఇరవయ్యేళ్లు దాన్ని విడవకుండా కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి. ఆ మనిషికి జీతమిస్తామని మాత్రం ఎవరూ ముందుకు రారు.

మా రోజుల్లో బడి పిల్లలు మొక్కలు నాటలేదా అంటే, నాటారు. కె.ఎం. మున్షీ కేంద్రంలో మంత్రిగా ఉండి 1950లో వనమహోత్సవం మొదలుపెట్టించాక మా బడి దాకా కూడా ఆ ముచ్చట వచ్చింది. మా అయ్యవారు ఒక్కో వేపమొక్కను ఇద్దరేసి పిల్లలకు అప్పజెప్పాడు. చుట్టూ కంపముళ్లు మేమే కొట్టుకొచ్చి నాటాలి. ఎండాకాలం సెలవుల్లో కూడా బావి నుంచి నీళ్లు మోయాలి. మొక్క చస్తే అయ్యవారి ముందు నిలబడి జవాబు చెప్పుకోవాల్సింది మేమే. ఎన్ని మొక్కలు నాటామన్నది ఆయనకు పట్టలేదు, తన చేతి కిందివి ఎన్ని నిలిచాయన్నదే ఆయన చూసుకున్నాడు.

ఇక గుట్ట సంగతికొస్తే, దాని మీద మా పెద్దలెవరూ ఒక్క మొక్క నాటి ఎరగరు. దానికి ఆ అవసరమే పడలేదు. వేరు భూమిలో ఉంది, విత్తనం గాలిలో ఉంది, పిట్ట కడుపులో ఉంది. వానకు అదే లేస్తుంది. దాన్ని లేవనిస్తే చాలు. అందుకే ఊరి కట్టుబాటు అంతా ఆ లేవనివ్వడం గురించే ఉండేది. తొలివానల నుంచి గడ్డి వెన్ను తీసి విత్తనం రాలేదాకా గుట్ట పైభాగానికి పశువులను తోలగూడదు. బోదగడ్డి ఎండాక ఊరంతా ఒప్పుకున్న రోజునే కొడవలి వెయ్యాలి. పచ్చిచెట్టు నరికితే జరిమానా, ఆ డబ్బు దేవళానికి. అన్నిటికంటే ముఖ్యం, దాన్ని చూసుకోవడానికి ఒక మనిషి ఉండేవాడు. చెరువుకు నీరుగంటి ఉన్నట్టు, ఊరికి తలారి ఉన్నట్టు, గుట్టకూ ఒక కావలివాడు. కళ్లంలో రాశి కొలిచేటప్పుడు వాళ్లందరికీ మేర తీసిపెట్టిన తర్వాతే గింజ ఇంటికొచ్చేది. మా సీమలో చెరువుల మరమ్మతు కోసమని దశబంధం ఇనాములు ఇచ్చిన కాలం కూడా ఉంది. నీళ్లనూ గడ్డినీ కాపాడేవాడికి కూలి ఇవ్వడం ఎవరో వచ్చి మనకు నేర్పిన పద్ధతి కాదు.

ఇప్పుడు ఎవరినైనా పట్టుకుని, ఫలానా సంస్థ ఫలానా చోట బీళ్లను మళ్లీ బాగుచేస్తోంది, ఏడాదికింత చందా కట్టు నాయనా అంటే, అది గవర్నమెంటు పని కదా తాతా అంటాడు. ఒకరిద్దరు ఇంకో మెట్టు ఎక్కి, ఎన్జీవోలంటేనే అనుమానమంటారు. మంచిది, అనుమానపడండి. వెళ్లి చూడండి, లెక్కలు అడగండి. చూడకుండా, అడగకుండా, ఇవ్వకుండా ఇంట్లో కూర్చోవడానికి అనుమానం ఒక సాకుగా పనికిరాకూడదు.

మా గుట్ట ఎట్లా బోసిపోయిందో నా కళ్లతోనే చూశాను. కొర్ర, సజ్జ, జొన్న పోయి అనంతపురం జిల్లా అంతా చెనిక్కాయ అయింది. పట్నాల్లో ఇళ్లు పెరిగాయి, ఇటుక బట్టీలకు కట్టెలు కావాల్సి వచ్చాయి. 1984లో మునసబు, కరణాల వ్యవస్థ రద్దయింది. వాళ్ల పెత్తనం పోయినందుకు ఏడ్చినవాళ్లు తక్కువ, అందులో తప్పు లేదు. అయితే దానితోపాటు పోరంబోకును కనిపెట్టుకునే కన్ను కూడా మూసుకుపోయింది, దాని బదులు ఇంకొకటి ఏర్పడలేదు. జైసల్మేర్ తర్వాత దేశంలో అంత తక్కువ వాన పడే జిల్లా మాదేనని చెబుతారు. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్లు పడితే మంచి ఏడే. అలాంటి నేల మీద గడ్డి పోతే మట్టి పోతుంది, మట్టి పోతే ఏ మొక్క నాటినా ఒకటే.

ఈ మాట అంటే కుర్రవాళ్లు, అయితే మా పని ఏమిటి, చేతులు కట్టుకుని కూర్చోమంటావా అని అడుగుతారు. కూర్చోమనడం లేదు. చెన్నేకొత్తపల్లికి పోయి చూసి రమ్మంటున్నాను.

అక్కడ టింబక్టు కలెక్టివ్ అని ఒక సంస్థ ఉంది. 1990లో పుట్టింది. బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం, మరికొందరు స్నేహితులు కలిసి 32 ఎకరాల ఎండిపోయిన నేల కొని, అందులో నివాసం పెట్టుకుని, దానంతటది ఏం మొలుస్తుందో మొలవనిచ్చారు. వానకు పారే నీటిని నిలిపారు, మేకను రానివ్వలేదు, నిప్పును రానివ్వలేదు. ఆ నేల పచ్చబడింది. తర్వాత చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కలిసివచ్చి, ముష్టికోవెల చుట్టూ ఉన్న బోడిగుట్టల మీద అదే పని మొదలుపెట్టారు. దానికి కల్పవల్లి అని పేరు. దాదాపు 9,000 ఎకరాలు. ఒక్కసారి కళ్లు మూసుకుని ఆ విస్తీర్ణం ఊహించుకోండి. అంత నేలను మొక్కలు నాటి నింపాలంటే ఏ ఖజానా చాలుతుంది?

వాళ్లు చేసిన పనిలో ఎక్కువ భాగం కావలే. గడ్డి ఎండక ముందే, చలికాలంలో, గుట్టల నడుమ నిప్పుదారులు తీస్తారు. అంటే ఒక బాట వెడల్పున గడ్డి లేకుండా చేస్తారు, మంట అక్కడికి వచ్చి ఆగిపోవడానికి. ఫిబ్రవరి నుంచి మే దాకా మనుషులు గుట్ట మీద తిరుగుతుంటారు. కొత్త గడ్డి తొందరగా లేస్తుందని కొందరు కాపరులు ఎండుగడ్డికి నిప్పు పెట్టడం మా సీమలో పాత అలవాటు. మంట ఒకసారి పట్టుకుందంటే మూడేళ్ల నుంచి మోడు మీద వేసిన చిగురంతా ఒక్క రాత్రికి బూడిద. ఆ కాపరులను శత్రువులుగా చూస్తే పని జరగదు. వాళ్లతో కూర్చుని ఎక్కడ మేపాలో, ఎక్కడ ఈ ఏడాది వదిలేయాలో ఒప్పందం చేసుకోవాలి. ఊళ్లవాళ్లే సభ్యులుగా ఒక సహకార సంఘం పెట్టుకుని ఆ ఒప్పందాలు నడిపారు. ఇవన్నీ మా పెద్దలు ఎరిగిన పద్ధతులే. ఎవరికీ పట్టకుండా పోయిన పనిని ఒక సంస్థ పూనుకుని మళ్లీ నిలబెట్టింది.

ఫలితం ఏమిటంటే ఈతచెట్లు వాగుల వెంబడి వేలకు వేలు లేచాయి. ఈత లేచిందంటే కల్లు, చాపలు, గంపలు, చీపుర్లు, ఊళ్లో ఆడవాళ్లకు నాలుగు రూపాయలు. బోదగడ్డి లేచింది. సీతాఫలం, బలుసు, కలివి, తంగేడు తమంతట తాము వచ్చాయి. వాటి వెనక పిట్టలు వచ్చాయి, పిట్టల వెనక నక్కలు, తోడేళ్లు, ఎలుగులు, చిరుతలు. పిలవకుండానే వచ్చాయి. వాటిని ఏ లారీలోనూ ఎవరూ తెచ్చి దింపలేదు.

ఇంత కష్టపడిన నేలకు పట్టిన గతి కూడా చెప్పాలి. సర్కారు దస్తావేజుల్లో ఆ గుట్టలు బంజరు. అడవి అని రాయలేదు కాబట్టి అడవి చట్టం దానికి వర్తించదు. 2010 తర్వాత గాలిమరల కోసం ఆ గుట్టలను కేటాయించారు. మరలను మొయ్యడానికి గుట్టల నెత్తిన వెడల్పాటి రోడ్లు కోశారు, తవ్విన మట్టి వాలుల మీదికి జారి వాగుల్లోకి దిగింది. ఇరవయ్యేళ్లు ఊళ్లు కాపాడిన నేల ‘ఖాళీ స్థలం’ అయిపోయింది. గాలి నుంచి కరెంటు రావడం నాకు ఇష్టమే. గడ్డి ఉన్న నేలంతా ఖాళీ అనుకునే బుద్ధి మీదే నా కోపం. మొక్కలు నాటే బ్యానరువాళ్లదీ సరిగ్గా అదే బుద్ధి. పెద్దచెట్లు కనబడకపోతే అక్కడేమీ లేదని అనుకుంటారు.

ఆ బుద్ధికి బలైపోయిన పిట్ట ఒకటుంది, బట్టమేక. మీటరు ఎత్తు, పోతుపిట్ట పదిహేను కిలోల దాకా తూగుతుంది. మన దేశానికి జాతీయపక్షిగా దాన్ని పెట్టమని సలీం అలీ గట్టిగా అడిగాడు, చివరికి 1963లో ఆ గౌరవం నెమలికి పోయింది. మా కర్నూలు వైపు మైదానాల్లో ఒకప్పుడు జొన్నచేల అంచుల్లో ఈ పిట్టలు నడుస్తుండేవి. ఎగరడం తక్కువ, నడక ఎక్కువ, కాలెత్తి కాలు పెట్టే నిదానపు నడక. ఏడాదికి సాధారణంగా ఒక్కటే గుడ్డు, అదీ ఒట్టి నేల మీద. చుట్టూ చూపు ఆనినంత దూరం గడ్డి ఉండాలి, చెట్టు అడ్డం ఉండగూడదు.

నందికొట్కూరు దగ్గర రోళ్లపాడులో ఈ పిట్టలున్నాయని తెలిసి బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీవాళ్లు 1980లలో అక్కడికి వచ్చి మకాం వేశారు. ఆ సొసైటీ 1883లో పుట్టింది, మన దేశంలో ఈ పనికి అంత పాతది లేదు. వాళ్లు ఏళ్ల తరబడి ఆ మైదానంలో ఉండి పిట్టల నడతను రాసుకున్నారు. 1988లో ప్రభుత్వం దాన్ని అభయారణ్యం చేసింది. మొత్తం కలిపితే 6 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. కంచె వేసి మేత ఆపగానే గడ్డి లేచింది, బట్టమేకలు మొదట్లో నిలిచాయి, కృష్ణజింకలూ పెరిగాయి. ఇంతవరకు మంచిదే. తర్వాత జింకల మందలు పెరిగి పెరిగి రైతుల చేల మీద పడ్డాయి. రైతులకు అభయారణ్యం పేరెత్తితేనే కడుపుమంట. ఇంతలో కాలువ నీళ్లు వచ్చాయి. చుట్టుపక్కల మెట్ట పైర్లు పోయి తడి పైర్లు వచ్చాయి. బట్టమేకకు గూడు అభయారణ్యంలో ఉన్నా, తిండి తిరుగుడంతా చుట్టుపక్కల జొన్నచేలల్లోనే. ఆ చేలు పోయాక ఆ ఆరు చదరపు కిలోమీటర్లు దానికి ఏ మూలకు?

ఇప్పుడు రోళ్లపాడులో బట్టమేక ఎప్పుడో ఒకసారి కనబడితే కనబడినట్టు. దేశం మొత్తానికి నూట యాభై లోపే మిగిలాయని అంచనా, అవీ ఎక్కువగా రాజస్థాన్ ఎడారిలో. 2019 నుంచి జైసల్మేర్ దగ్గర సామ్‌లో గుడ్లు పొదిగించి పిల్లలను పెంచుతున్నారు. 2024లో కృత్రిమ గర్భధారణతో కూడా ఒక పిల్ల పుట్టింది. చాలా సంతోషం. కానీ ఆ పిల్లలు పెరిగాక వదలడానికి గడ్డిమైదానం ఉండాలి కదా! మా సీమలో అలాంటి నేల ఇంకా అక్కడక్కడా ఉంది. వాటిని నీలగిరి మొక్కలతోనో సోలారు పలకలతోనో నింపకముందే ఎవరైనా కాపాడాలి. ఆ రోజుల్లో రోళ్లపాడు రైతుల పంట నష్టానికి టంచనుగా పరిహారం ఇచ్చి, మెట్ట జొన్న వేసేవాడికి ఎకరాకింత అని చేతిలో పెట్టి ఉంటే కథ ఇంకోలా ఉండేదని నా నమ్మకం. అభయారణ్యం బోర్డు పెట్టడంతో పని అయిపోదు, పక్క చేనువాడు కూడా మన వైపు ఉండాలి. ఆ పని చెయ్యడానికి రోజూ ఊళ్లో కూర్చునే మనిషి కావాలి. మళ్లీ అక్కడికే వస్తున్నాను, జీతానికే.

కలివికోడిది కాస్త సంతోషపెట్టే కథ. 1848లో జెర్డాన్ అనే డాక్టరు దీన్ని లోకానికి చెప్పాడు. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, ఇక పోయిందనే అనుకున్నారు. బాంబే సొసైటీవాళ్లు కడప జిల్లా పల్లెల్లో బొమ్మలు చూపించి, ఈ పిట్ట ఎక్కడైనా చూశారా అని అడుగుతూ తిరిగారు. చివరికి 1986 జనవరిలో లంకమల కొండల కింద రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే వేటగాడు దాన్ని పట్టి చూపించాడు. సొసైటీ తరఫున అక్కడ పనిచేస్తున్న భరత్ భూషణ్ అది కలివికోడేనని నిర్ధారించాడు. పెద్ద పెద్ద చదువులవాళ్లకు ఎనభై ఆరేళ్లు దొరకనిది పిట్టల వేటతో బతికే మనిషికి దొరికింది. సంస్థ పల్లెను నమ్మింది, పల్లె దానికి దారి చూపింది. తర్వాత దానికోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువ దారి ఆ పిట్ట నేల మీదుగా పోబోతే పోరాడి ఆ దారి మార్పించారు. ఆ పిట్ట ఉండేది దట్టమైన అడవిలో కాదు, కలివిపొదలు అక్కడక్కడా ఉండి మధ్యలో ఒట్టి నేల కనబడే పలచటి కంపలో. పట్నంవాళ్ల కళ్లకు అది కూడా బీడే. అక్కడా ఎవరో గుంతలు తవ్వించి ఉండేవాళ్లే!

రాబందుల సంగతి చెప్పి డబ్బు మాటకు వస్తాను, రెండింటికీ సంబంధముంది.

మా చిన్నతనంలో ఊరికి దూరంగా చచ్చిన గొడ్డును పారేస్తే సాయంత్రానికి ఎముకలే మిగిలేవి. అన్ని రాబందులు దిగేవి. 1990లలో అవి మాయమవడం మొదలైంది. తెల్లనడుము రాబందులు 1992, 2007 మధ్య వెయ్యికి ఒకటి మిగిలాయంటే అర్థం చేసుకోండి. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ మందు, ఆ పశువు చచ్చాక రాబందుల కిడ్నీలను చెడగొడుతోందని 2004లో తేలింది. 2006లో పశువులకు ఆ మందు వాడకాన్ని నిషేధించారు. మనుషుల పేరుతో పెద్ద సీసాలు తెచ్చి పశువులకు పొడుస్తున్నారని 2015లో ఆ సీసాలనూ ఆపారు. అదే కీడు చేసే అసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్‌లు నిషేధించడానికి 2023 దాకా పట్టింది. ఈలోగా హర్యానాలోని పింజోర్‌లోనూ మరికొన్ని చోట్లా బాంబే సొసైటీవాళ్లు రాబందులను పెంచి పిల్లలు తీయించారు. ఇదీ ఏడాదికి ఒక్క గుడ్డు పెట్టే జాతే. 2020లో పింజోర్‌లో కొన్నిటిని బయటికి వదిలారు. మన తెలంగాణలో ఆసిఫాబాద్ దిక్కు, బెజ్జూరు అడవుల్లో, పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్లు పెట్టుకున్నాయని తెలిసినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది.

ఈ పెంపకానికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? మన ప్రభుత్వాలు ఇచ్చినదానితో పాటు ఇంగ్లండులో రాయల్ సొసైటీ ఫర్ ది ప్రొటెక్షన్ ఆఫ్ బర్డ్స్ అని 1889 నాటి సంస్థ ఒకటుంది, అది ఏళ్ల తరబడి ఇచ్చింది. దానికి పది లక్షలకు పైగా సభ్యులు. పెన్షన్ మీద బతికే ముసలివాళ్లు, టీచర్లు, నర్సులు కట్టే చందా అది. వాళ్లెవరూ మన రాబందును చూడనైనా చూడలేదు. మనం చూశాం, మన ఊరి చావుగొడ్లను అవి శుభ్రం చేసిపెట్టాయి, మనం రూపాయి తియ్యలేదు. నాకు ఇది చాలా సిగ్గుగా ఉంటుంది.

మా చెల్లెలి మనవడు ఆ దేశంలోనే ఉద్యోగం చేస్తున్నాడు. ఆ సంస్థలో సభ్యుడు కూడా, నెలనెలా చందా కడతాడు. మంచి పనే. అదే పని ఇక్కడి బీళ్లకు కూడా చెయ్యరా అని ఫోన్లో అడిగాను. ‘ఇక్కడి నుంచి పంపాలంటే ఏవో రూల్స్ ఉన్నాయట కదా తాతా’ అన్నాడు. రూల్స్ ఉన్నాయి, తెలుసుకుంటే తలనొప్పి ఏమీ కాదు. వాడిది ఇంకా ఇండియా పాస్‌పోర్టే. మన పౌరసత్వం ఉన్నవాడు తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే మాత్రం, విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకే పంపాలి, అదీ ఢిల్లీలో స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో ఉన్న ఖాతాకే. 2020లో చట్టం మార్చాక, పెద్ద సంస్థ అలా తెచ్చిన డబ్బును పల్లెలోని చిన్న సంఘానికి పంచడం కూడా కుదరదు. ఇది నాకు ఏమాత్రం నచ్చని మార్పు. గుట్టల మీద నిజంగా పని చేసేవి ఆ చిన్న సంఘాలే. ఇక ఇక్కడే ఉన్నవాళ్లకు ఈ ఇబ్బందీ లేదు. పాత పద్ధతిలో పన్ను కట్టేవాళ్లకైతే విరాళం మీద కొంత మినహాయింపు కూడా దొరుకుతుంది.

కంపెనీల డబ్బు మీదా నాకు ఫిర్యాదు ఉంది. 2014 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలు లాభంలో రెండు శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలని చట్టం వచ్చింది. ఆ డబ్బులో కొంత చెట్ల పేరు మీద పల్లెల్లోకి వస్తోంది. వచ్చిన ప్రతిదీ మార్చి 31 లోపల అయిపోవాలనే ఆత్రంతో వస్తుంది. దీర్ఘకాలపు ప్రాజెక్టు అని రాసుకున్నా, మొదలుపెట్టిన ఏడాది పోను ఇంకో మూడేళ్లకు మించి సాగదు. మూడేళ్లలో గుట్ట ఏమవుతుంది? గడ్డి నిలుస్తుంది, మోళ్లు మోకాలెత్తు చిగురు వేస్తాయి. సరిగ్గా అప్పుడు డబ్బు ఆగిపోతుంది, కావలివాడు బెంగళూరు కూలికి పోతాడు, మరుసటి ఎండాకాలం మంట వస్తుంది. నాకు తెలిసిన ఒక గుట్ట ఇట్లాగే కాలిపోయింది. డబ్బిచ్చిన కంపెనీ పుస్తకంలో మాత్రం అది పచ్చగానే ఉంది.

అందుకే చిన్న చిన్న చందాల మీద నాకు నమ్మకం ఎక్కువ. ఏడాదికి వెయ్యి ఇచ్చేవాళ్లు మూడు వందల మంది పదిహేనేళ్లు ఇస్తే, ఒకేసారి కోటి ఇచ్చి మాయమైనవాడికంటే గుట్టకు మేలు. ఇచ్చేటప్పుడు నోరు తెరిచి అడగండి. ఎంతమంది కావలివాళ్లు ఉన్నారు? వాళ్లది ఏ ఊరు? నెలకు ఎంత ఇస్తున్నారు, సమయానికి ఇస్తున్నారా? పోయిన వేసవిలో మంటలు ఎన్ని వచ్చాయి, ఎంత నేల కాలింది? మేపుకునేవాళ్లతో ఒప్పందం ఉందా? ఆ నేల కాగితాల్లో ఎవరి పేరు మీద ఉంది? వీటికి తడుముకోకుండా జవాబు చెప్పే సంస్థ దొరికితే వదలకండి. పెద్ద హోటల్లో సదస్సు ఫోటోలు, నాటిన మొక్కల లెక్కలు మాత్రమే చూపించేవాళ్లకు నమస్కారం పెట్టి రండి. సర్కారు తుమ్మ, నీలగిరి నాటి దానికి అడవి అని పేరు పెట్టేవాళ్లకు నమస్కారం కూడా అక్కర్లేదు.

మా పెన్షనర్ల సంఘంలో ఈసారి ఈ మాటే పెట్టాను. ఏటా జూలైలో మొక్కల పండగకు మేము ఇచ్చే చందా ఆపి, పక్క మండలంలో గుట్టలు కాపాడుతున్న ఒక చిన్న సంఘానికి ఇద్దామన్నాను. వాదన చాలాసేపు నడిచింది. బ్యానరు మీద సంఘం పేరు ఉండదని కొందరికి నచ్చలేదు, అది సహజం. చివరికి ఒప్పుకున్నారు. జనవరిలో నిప్పుదారులు తీసే కూలి, ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఇద్దరు కావలివాళ్ల జీతం మా సంఘం భరిస్తుంది. ఆ ఇద్దరిలో ఒకాయన ఒకప్పుడు ఆ గుట్ట మీదే గొర్రెలు కాసినవాడు, ఏ వంకలో ఏ పొద ఉందో ఆయనకు కంఠతా వచ్చు. జూలై నుంచి డిసెంబరు దాకా వాళ్ల జీతం ఇంకా కుదరలేదు. దానికి మనుషులను వెతుకుతున్నాం.